ల్యాప్‌టాప్ మీద గరిక

కాలేజీల్లో మాట్లాడమని పిలిచినప్పుడల్లా పిల్లలు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "సార్, ఇంతకీ మీరు కనిపెట్టింది ఏంది?" అని. ఉన్నమాట చెప్తున్నాను. ఒకసారి చాలా పెద్ద విషయమే కనిపెట్టాం. అది ఒక పూట నిలిచింది. ఆ పూట గురించే రాద్దామని కూర్చున్నాను గానీ, రాస్తూ పోతే మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు యజమాని భార్య గురించే ఎక్కువ రాస్తానేమో. ఏమనుకోకండి.

నేను సూర్యాపేటలో డిగ్రీ కాలేజీ ఫిజిక్సు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నేను చదివింది న్యూట్రాన్ నక్షత్రాల గురించి. మహా పెద్ద నక్షత్రం ఒకటి పేలిపోయాక మిగిలే ముద్ద అది. బరువు చూస్తే సూర్యుడికంటే ఎక్కువ, సైజు చూస్తే సూర్యాపేటలో బస్సెక్కి కోదాడ దారిలో సగం దూరం పోయేసరికి అయిపోతుంది. అది గిర్రున తిరుగుతూ ఉంటే దాని ఎక్స్-రే వెలుగు తిప్పుతున్న టార్చిలైటులా మనవైపు వచ్చి పోతుంటుంది. అలాంటివాటిని ఎక్స్-రే పల్సార్లు అంటారు. ఆ వెలుగును గాలి కిందికి దిగనివ్వదు కాబట్టి ఉపగ్రహం పైనుంచి చూసి లెక్కలు పంపుతుంది. ఆ లెక్కల్ని మేం సీలింగు ఫ్యాను కింద కూర్చుని విప్పుకుంటాం. నేను పరిశోధించిన నక్షత్రాల్లో ఒక్కదాన్ని కూడా కళ్ళతో చూడలేదంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

మేం పరిశోధనకు ఎంచుకున్న పల్సార్‌కు ఒక జంట నక్షత్రం ఉంది, బాగా పెద్దది. మా చిన్నది దాని చుట్టూ తిరుగుతూ దాని వెనక్కి పోయినప్పుడు ఎక్స్-రేలు ఠక్కున ఆగిపోతాయి. కొన్ని గంటల తర్వాత మళ్ళీ వస్తాయి. దాన్ని గ్రహణం అంటాం. ఇంకో పేరేదైనా పెట్టుకుని ఉంటే ఈ కథ జరిగేదే కాదు.

గ్రహణాల విషయంలో నాకు అప్పటికే ఊళ్ళో ఒక పేరుంది. సూర్యగ్రహణం వచ్చిన ప్రతిసారీ కాలేజీ గ్రౌండులో నిలబడి, పిల్లలందరూ చూస్తుండగా మిరపకాయ బజ్జీలు తినేవాణ్ణి. మూఢనమ్మకాలు పోవాలని. ఒకసారి వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచి, "మీ ఇంట్ల మొదటిసంది పట్టింపు లేదు గద సార్, మీరు చర్చికి పోయేటోళ్ళు. మీరు తింటే ఏం లెక్క?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ నోట్లో ఉన్న బజ్జీ మింగుడు పడలేదు. వాడు అడిగింది సరైన ప్రశ్నే. నాకు పోయేదేమీ లేనప్పుడు నా ధైర్యానికి విలువెంత?

ఇక నా శిష్యురాలి సంగతి. పీజీలో నా దగ్గరే చదువుకుంది, తర్వాత నా దగ్గరే పీహెచ్‌డీకి చేరింది. పెళ్ళై మిర్యాలగూడ పోయాక కూడా చదువు మానలేదు. అత్తవారిది బియ్యం మిల్లు, దాని వెనకే ఇల్లు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఉడికిన వడ్ల వాసన, కిటికీ అంచుల మీద ఊక దుమ్ము. పై గదిలో ఆమె ల్యాప్‌టాప్. అత్తగారు రోజూ పొద్దున్నే ఆ ల్యాప్‌టాప్‌ను దేవుడి పటం తుడిచినట్టు మెత్తటి బట్టతో తుడిచేది. లోపల ఏముందో ఆమెకు అక్కర్లేదు, కోడలు దాని ముందు కూర్చుంటే ముఖం వెలుగుతుందన్నది చాలు. అంత మంచి మనిషి.

నేను నెలకోసారి బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. అత్తగారు భోజనం పెట్టకుండా పంపేది కాదు. మొదట్లో ఆ ఇంట్లో వడియాలు తిన్నాను, గుమ్మడికాయ వడియాలు. అంత రుచి నేను ఇంకెక్కడా ఎరగను. తర్వాత ఒక ఏడాది నుంచి విస్తట్లో అవి కనిపించలేదు. నాకు తిండి దగ్గర మొహమాటం తక్కువ, ఒకసారి అడిగేశాను.

"బంద్ వెట్టిన సార్," అంది ఆమె ముక్తసరిగా. చారు పోసి లోపలికి వెళ్ళిపోయింది.

కారణం నాకు తర్వాత ఆమే చెప్పింది, కోడలు రెండోసారి నెల తప్పాక. నేను అభినందనలు చెప్తుంటే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పోయినసారి నా చేతులార చేసిన సార్. డాబా మీద వడియాలు వెట్టి ఉంటిని. మబ్బు పట్టింది. ఆ దినం సూర్యగ్రహణమని యాదికే లేదు. ఉరికి తీసుకరా బిడ్డా, తడుస్తయి అన్న. పోయింది పాపం. నెల తిరగకముందే కడుపు పోయింది. గా వడియాలకు పంపకుంటే…"

నేను నా పాఠం అందుకున్నాను. అలాంటి సంబంధం ఏమీ లేదమ్మా, మొదటి నెలల్లో చాలామందికి అలా అవుతుంది, డాక్టరమ్మ కూడా చెప్పే ఉంటుంది అన్నాను. ఆమె బుద్ధిగా తలూపింది. ఆమె కళ్ళు మాత్రం నా మాట ఒక్కటీ వినలేదు. గ్రౌండులో ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న మళ్ళీ నా ముందు నిలబడ్డట్టనిపించి బాధేసింది.

ఆ ఏడే మాకు ఉపగ్రహం మీద సమయం దొరికింది. మా పల్సార్ గ్రహణంలోకి పోవడాన్ని మొదటినుంచి చివరిదాకా మాకోసం చూడబోతుంది. శిష్యురాలి థీసిస్ ఆఖరి అధ్యాయం దాని మీదే ఆధారపడి ఉంది. మాతో పాటు కోదాడ కాలేజీ నుంచి ఒక కుర్ర లెక్చరర్ పనిచేసేవాడు. గ్రహణం ఎప్పుడు మొదలవుతుందో లెక్కగట్టే పని అతనిది. ఏదైనా తేలిందంటే చెప్పేదాకా ఆగలేని మనిషి. ఫోన్ చేశాడు. శిష్యురాలు వంటింట్లో ఉండి స్పీకర్ పెట్టింది.

"మేడమ్, గ్రహణం టైము ఖాయమైందండీ! మన టైము ప్రకారం మధ్యాహ్నం సరిగ్గా మూడింటికి మొదలవుద్ది. పొద్దుగూకాక వదులుద్ది!"

పక్కన పప్పు ఎనుపుతున్న అత్తగారి చేయి ఆగిపోయింది.

మరుసటి వారం నేను వెళ్ళేసరికి ఇంట్లో చర్చ అయిపోయి, తీర్పు కూడా వచ్చేసింది. ఆ రోజు మూడింటి నుంచి కోడలు గదిలోంచి కదలకూడదు. కత్తి, సూది ముట్టకూడదు. నేను వాదనకు దిగాను.

"అమ్మా, అది సూర్యుడూ కాదు, చంద్రుడూ కాదు. ఎవరికీ కనిపించని చుక్క. పైగా ఆ గ్రహణం అక్కడ ఎప్పుడో వేల ఏళ్ళ కింద అయిపోయింది. మనకిప్పుడు అందుతున్నది పాత వెలుగు."

"మన ఎండ గూడ ఎనిమిది నిమిషాల కింద బయలెల్లినదే అని మా కోడలే చెప్పింది సార్," అందామె. "పాతదైతే ఎండ కొట్టదా?"

ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఇంత తేలిగ్గా కూర్చోబెట్టినవాళ్ళు లేరు. ఆఖరి అస్త్రం ఒకటి మిగిలింది. ఆ గ్రహణం ఒక్క ఆ రోజే కాదు, రెండు రోజులకోసారి వస్తూనే ఉంటుంది! అది చెప్పబోయి నోరు తెరిచాను. వెనకనుంచి శిష్యురాలు రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

తర్వాత మెట్ల దగ్గర మెల్లగా అంది. "రెండు దినాలకోసారి అని మాత్రం చెప్పకండి సార్. చెప్తే కాన్పు అయ్యేదాక నన్ను మంచం దిగనియ్యదు. ఒక్క దినమే గద. ఆమె పాణం నిమ్మళంగ ఉంటది."

"నీకేమీ అనిపించడం లేదా?" అన్నాను.

"నాకేం లేదు సార్. ఆమెకే రాత్రిళ్ళు నిద్ర పడ్తలేదు."

నేను ఊరుకున్నాను. జీవితంలో మూఢనమ్మకం ముందు నేను నోరు మూసుకున్నది అదే మొదటిసారి. ప్రేమ ముందు మూసుకున్నానని తర్వాత సర్దిచెప్పుకున్నాను.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. ఉపగ్రహం పనికి మేం చేసేదేమీ లేదు. లెక్కలు వారం పదిరోజులకు గానీ రావు. అయినా మనసు ఆగక వెళ్ళాను. మధ్యాహ్నం శిష్యురాలు పెరట్లో కత్తిపీట ముందు పీట వేసుకుని బీరకాయలు కోస్తోంది. అత్తగారు నడవలో గోడ గడియారం కింద నిలబడి ఉంది.

"బిడ్డా, ఇగ లే. టైమైతుంది."

"ఇంక పది నిమిషాలున్నయ్ అత్తమ్మా. గీ రెండు కాయలు కోసి వస్త."

కోసి, చేతులు కడుక్కుని వచ్చింది. మూడు కొట్టడానికి ముందే గదిలోకి పంపి తలుపు దగ్గరేసింది అత్తగారు. నీళ్ళ బిందె మీద గరిక, పెరుగు గిన్నె మీద గరిక, పచ్చడి జాడీల మీద గరిక. తర్వాత ఒక పోచ పట్టుకుని కాసేపు ఆలోచించి, పైగదికి వెళ్ళి ల్యాప్‌టాప్ మీద పెట్టి వచ్చింది.

"దానికెందుకమ్మా?" అన్నాను.

"ఆ గ్రహణం మనింట్లకు వచ్చేది దాంట్లకెల్లే గద సార్."

నాకు నవ్వు రాలేదు. కడుపుతో ఉన్నవాళ్ళకు పాలు పట్టవచ్చట, కోడలికి గ్లాసుతో ఇచ్చింది. మిగతావాళ్ళెవరూ ఏమీ తినకూడదు. నాకు మాత్రం, "మీకు పట్టింపు లేదు గద సార్, అన్నం వెట్టమంటరా?" అని అడిగింది. నిజానికి ఆకలి దంచేస్తోంది, బస్సు ఆలస్యమై పొద్దున్నుంచి ఏమీ తినలేదు. వద్దన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. గ్రహణమంటే బజ్జీలు తినే నేను ఎక్కడో కంటికి కనిపించని ఒక చుక్క గ్రహణానికి మిర్యాలగూడలో ఉపవాసం ఉన్నాను. ఆమె నడవలో గోడకానుకుని కూర్చుని, పెదవులు కదుపుతూ, మూసిన తలుపు వైపే చూస్తూ ఉంది. చీకటి పడ్డాక లేచి స్నానం చేసి, కోడలికి చేయించి, అందరికీ వడ్డించింది. ఆ బీరకాయ కూర రుచి ఇంకా గుర్తుంది.

పదిరోజుల తర్వాత కోదాడ నుంచి ఫోన్. అరుపులకు మాటలు సరిగ్గా వినపడలేదు.

"సార్, ముందే వచ్చేసింది సార్! మనం చెప్పిన టైముకంటే కొన్ని నిమిషాలు ముందే గ్రహణం పట్టేసింది! కక్ష్య కుంచించుకుపోతోందండీ, ఇంత వేగంగానా! ప్రపంచంలో ఎవరూ చూసుండరు!"

గ్రహణం ముందే వచ్చిందంటే చిన్న నక్షత్రం తిరిగే దారి తగ్గిపోతోందని అర్థం. కొద్దిగా తగ్గడం మామూలే, ఇంత తగ్గడమంటే పెద్ద వార్త. స్టాఫ్ రూములో అందరికీ స్వీట్లు పంచాను. ప్రిన్సిపాల్ గారు విలేకరులను పిలుద్దామా అన్నారు. కోదాడ ఆయన నిజంగానే పిలిచినంత పని చేశాడు. నేను పేపరుకు పెట్టాల్సిన శీర్షిక కూడా మనసులో రాసుకున్నాను.

సాయంత్రం శిష్యురాలు ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"సార్, మనం చెప్పిన టైము ఎక్కడ నిలవడి చూసేటోళ్ళ టైము?"

నాకు వెంటనే అర్థమైంది. మేం ఈ లెక్కలన్నీ సూర్యుడి దగ్గర నిలబడి చూస్తున్నట్టుగా వేస్తాం. ఎందుకంటే భూమి తిరుగుతూ కొన్ని నెలలు ఆ నక్షత్రానికి కాస్త దగ్గరగా, కొన్ని నెలలు కాస్త దూరంగా ఉంటుంది. వెలుగు ఆ మేరకు ముందో వెనకో అందుతుంది. సూర్యుడి దగ్గరి టైమును భూమి టైములోకి మార్చాలి. కోదాడ ఆయన గంటల్ని మన దేశం టైముకు మార్చాడు గానీ, ఈ తేడాను మేడమ్ మారుస్తారులే అనుకున్నాడు. మేడమ్ ఆయన మార్చే పంపాడనుకుంది. ఇద్దరూ పెద్దవాడు చూస్తాడులే అనుకున్నారు, పెద్దవాడు సంతకం పెట్టాడు. ఆ ఋతువులో సూర్యుడికంటే మన భూమే ఆ నక్షత్రానికి కాస్త దగ్గరగా ఉంది. అందుకే వెలుగు ముందే అందింది, గ్రహణమూ ముందే కనిపించింది. లెక్క సరిచేస్తే అంతా కచ్చితంగా పాత దారిలోనే ఉంది. కుంచించుకుపోయింది ఏమీ లేదు, మా ముగ్గురి ముఖాలు తప్ప.

"పోనీలేమ్మా," అన్నాను. "మన అంచనా కరెక్టే కదా. నీ అధ్యాయానికి అది చాలు."

ఆమె "సార్," అంది. "గ్రహణం ముందే పట్టింది గద. అప్పుడు నేను పెరట్ల బీరకాయ కోస్తున్న."

ఆ గొంతులో భయం విన్నాను. న్యూట్రాన్ నక్షత్రాల మీద థీసిస్ రాస్తున్న, ఇలాంటి నమ్మకాలకు నవ్వే మనిషి గొంతులో. నన్ను ఓదార్చినట్టుగా మళ్ళీ తనే అంది. "ఏం కాదని ఎర్కనే సార్. రెండు దినాలకోసారి వస్తనే ఉంది, రోజు కోస్తనే ఉన్న. అయినా ఎందుకో…"

"నాకూ తెలుసు," అన్నాను. "అయినా రేపొకసారి డాక్టరమ్మకు చూపించుకుని రా."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వినా మర్నాడు ఆమె వెళ్ళింది, బాగుందని చెప్పేదాకా నేను ఫోన్ పక్కనే కూర్చున్నాను. కుర్రాళ్ళారా, ప్రేమ ఉన్నచోట భయం ఎంత సులువుగా దూరుతుందో నేను ఆ రాత్రే తెలుసుకున్నాను. అప్పటిదాకా బజ్జీలు తింటూ నేను వెక్కిరించింది ఎవరినో అప్పుడు అర్థమై సిగ్గేసింది. అత్తగారికి ఏమీ చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. బొద్దుగా, దవాఖాన అదిరిపోయేలా ఏడ్చే పిల్ల. ఇరవై ఒకటో రోజు నన్ను పిలిచారు. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, తొట్టె పక్కన మేం ముగ్గురమే మిగిలాం. అత్తగారు తృప్తిగా, "ఆ దినం మనం జర భద్రంగ ఉన్నం గాబట్టి సార్," అంది.

శిష్యురాలు నా వైపు చూసింది. నేను వద్దని తల అడ్డంగా ఊపాను. ఆమె వినలేదు.

"అత్తమ్మా, ఒక మాట చెప్త. కోపం చెయ్యొద్దు. ఆ దినం గ్రహణం మూడింటికి పట్టలే. అంతకు ముందే పట్టింది. మేం టైము తప్పు చెప్పినం. అది పట్టినంక గూడ నేను బీరకాయలు కోసిన."

అత్తగారు పిల్ల వైపు చూసింది. పిల్ల నిద్రలో మూతి విరుస్తోంది.

"అదొక్కటే కాదు. ఆ గ్రహణం రెండు దినాలకోసారి వస్తది. నెల తప్పిన కాడికెల్లి వందసార్లకు మీదనే వచ్చి ఉంటది."

"సార్," అందామె నా వైపు తిరిగి, "మీకు గూడ ఎర్కనా? ఎర్కుండే ఆ దినం ఆకలికి కూసున్నరా?"

"కూర్చున్నానమ్మా," అన్నాను.

కోపం వస్తుందనుకున్నాను. ఆమె లేచి తొట్టె తాడు పట్టుకుంది. ఊపలేదు, ఊరికే పట్టుకుంది.

"వందసార్లంటివి."

"ఆ, అత్తమ్మా."

"వందసార్లకు నువ్వు కూరగాయలు కోసినవ్. బట్టలు కుట్టుకున్నవ్. డాబా ఎక్కినవ్."

"అన్ని చేసిన."

తర్వాత మమ్మల్ని ఇద్దర్నీ కాకుండా ఎదురుగా గోడను అడిగినట్టు, మెల్లగా అడిగింది.

"అయితే పోయినసారి… నేను వడియాలకు పంపినందుకు కాదా?"

సైన్సు ప్రకారం ఆ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. ఒక ఇల్లు రుజువు కాదు, ఆ చుక్క మన సూర్యుడూ కాదు. ఇదే తర్కం నా విద్యార్థి రాస్తే సున్నా వేసేవాణ్ణి. కానీ నాకు తెలిసిన నిజం ఆ మనిషికి చేరడానికి ఇన్నాళ్ళకు ఒక దారి తెరుచుకుంది, అది కూడా మా తప్పులోంచి.

"కాదమ్మా," అన్నాను. "అప్పుడూ కాదు. ఎప్పుడూ కాదు."

శిష్యురాలు దగ్గరికి వెళ్ళి ఆమె భుజం మీద తల పెట్టింది. "నేను ఒక్కనాడన్న నిన్ను అనుకున్ననా అత్తమ్మా?" అంది. అత్తగారు నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది, ఎన్నాళ్ళదో ఆ ఏడుపు. పిల్ల లేచి తనూ అందుకుంది. నేను కళ్ళు తుడుచుకుంటూ నడవలోకి వచ్చి నిలబడ్డాను.

థీసిస్ ఆమోదమైంది. చిన్న పేపరు ఒకటి అచ్చయింది. అందులో ఆఖరి వాక్యం, కక్ష్యలో అనుకోని మార్పేదీ కనిపించలేదని. కోదాడ ఆయన ఇప్పటికీ టైము చెప్పేముందు, "సూర్యుడి దగ్గరిదా, మన దగ్గరిదాండీ?" అని అడుగుతాడు, పెళ్ళి ముహూర్తానికైనా సరే.

ఆ ఎండాకాలం, నేను రిటైరైన కొద్దిరోజులకు, మిర్యాలగూడ బస్సులో నాకొక డబ్బా వచ్చింది. విప్పితే గుమ్మడికాయ వడియాలు. మూత లోపల ఒక గరికపోచ. అర్థంకాక ఫోన్ చేశాను.

"కోడలు, నేను కలిసి డాబా మీద వెట్టినం సార్," అంది ఆమె. "చిన్నది గూడ ఆన్నే, నీడకు పండుకుంది."

"మరి గరిక ఎందుకమ్మా?"

"రెండు దినాలకోసారి వస్తదంటిరి గద," అంది. "మీకే భయం ఎక్కువ, అందుకని వెట్టిన."

ఆమె నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.